రక్తంలో వైరస్ కనబడటం లేదు, మరి లింఫ్ గ్రంథుల్లో ఏం జరుగుతోంది?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీకు హెచ్ఐవీ ఉంది. మందులు మొదలుపెట్టేనాటికి మీ సీడీ4 కణాల (రోగనిరోధక వ్యవస్థను నడిపించే తెల్ల రక్తకణాలు, హెచ్ఐవీ ప్రధానంగా దాడిచేసేది వీటిమీదే) సంఖ్య ఒక ఘన మిల్లీమీటరు రక్తానికి 170. నాలుగేళ్లుగా క్రమం తప్పకుండా ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణచే) మందులు వాడుతున్నారు, వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ పరిమాణం) పరీక్షకు అందనంత తక్కువగా ఉంటోంది. అయినా సీడీ4 సంఖ్య 360 దాకా పెరిగి అక్కడే నిలిచిపోయింది, మెడ పక్కన కట్టిన బిళ్లలు, అంటే వాచిన లింఫ్ గ్రంథులు, పూర్తిగా పోలేదు. మీ డాక్టరు గారు వైరస్ లింఫ్ గ్రంథుల్లో ఉండిపోతుందని చెప్పారు. రక్తంలో లేని వైరస్ అక్కడుండి ఏం చేస్తోంది, అక్కడి కణాలకు ఏమవుతోంది, సీడీ4 పెరగకపోవడం మందు పనిచేయకపోవడానికి గుర్తా అన్నది మీ సందేహం. నేను పాథాలజిస్టును. హెచ్ఐవీ ఉన్నవారి లింఫ్ గ్రంథుల ముక్క పరీక్షలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను కనుక, సూక్ష్మదర్శిని కింద కనబడేదానితో కలిపి జవాబు చెబుతాను.

మీ మందు పనిచేస్తోంది. వైరల్ లోడ్ అందుకు తగిన రుజువు. సీడీ4 సంఖ్య ఆగిపోవడానికి ప్రధాన కారణం, మందులు మొదలుకాకముందు గడిచిన సంవత్సరాల్లో లింఫ్ గ్రంథుల లోపలి నిర్మాణం దెబ్బతినడం. హెచ్ఐవీ సీడీ4 కణాలను చంపుతుందన్నది అందరికీ తెలిసిందే. ఆ కణాలు బతకడానికీ, పెరగడానికీ ఆధారమైన కణజాలాన్ని కూడా అది పాడుచేస్తుందన్న విషయం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పుడతాయి కానీ, మచ్చ కట్టిన కణజాలం అంత తేలికగా మామూలు స్థితికి రాదు. మీ 360 అనే అంకె వెనుక ఉన్నది చాలావరకు ఈ రెండో నష్టమే.

రక్తం చూసి లింఫ్ గ్రంథుల సంగతి అంచనా వేయడంలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, శరీరంలోని లింఫోసైట్లలో (సీడీ4 కణాలు కూడా చేరే తెల్ల రక్తకణాల వర్గం) ఏ క్షణంలోనైనా రక్తంలో ఉండేవి సుమారు 2 శాతమే. మిగిలినవి లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల గోడల్లో, ఎముక మజ్జలో, ఇతర కణజాలాల్లో ఉంటాయి. రక్తంలో కనబడేవి ఒక గ్రంథి నుంచి మరో గ్రంథికి ప్రయాణిస్తున్న కణాలు. అందువల్ల సీడీ4 పరీక్ష ఎంత ఉపయోగకరమైనదైనా, అది పరోక్ష సమాచారమే. ఈ వైరస్‌ను మొట్టమొదట వేరుచేసినది కూడా లింఫ్ గ్రంథి నుంచే. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారె సినూసి, లుక్ మాంటనియే బృందం మెడ గ్రంథి వాచిన ఒక రోగి నుంచి తీసిన ముక్కను పెంచి దీన్ని కనుగొన్నారు. అందుకు వారిద్దరికీ 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఆ తరువాత దాదాపు పదేళ్లపాటు, వైరస్ సోకాక ఏ లక్షణాలూ లేకుండా గడిచే సంవత్సరాల్లో అది నిద్రాణంగా ఉంటుందనే అభిప్రాయం ఉండేది. 1993లో వెలువడిన పరిశోధనలు దాన్ని తారుమారు చేశాయి. రక్తంలో వైరస్ అతి స్వల్పంగా కనబడుతున్న రోజుల్లో కూడా, అదే మనిషి లింఫ్ గ్రంథుల్లో అది చురుకుగా వృద్ధి చెందుతోందని తేలింది.

ఇక్కడ గ్రంథి నిర్మాణం గురించి కొంచెం తెలుసుకోవాలి, లేకపోతే మిగిలినది అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్న లింఫ్ గ్రంథి చిక్కుడు గింజ ఆకారంలో, సాధారణంగా ఒక సెంటీమీటరు కంటే చిన్నదిగా ఉంటుంది. దాన్ని పలుచగా కోసి రంగు వేసి చూస్తే, అంచు వెంబడి గుండ్రటి గుంపులు కనబడతాయి. వాటిని ఫాలికల్స్ అంటాం. అవి యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల చోటు. ఏదైనా సూక్ష్మక్రిమి వచ్చినప్పుడు ఫాలికల్ మధ్యలో జెర్మినల్ సెంటర్ అనే లేత రంగు భాగం ఏర్పడుతుంది. బీ కణాలు మరింత మెరుగైన యాంటీబాడీలు తయారుచేయడం నేర్చుకునేది అక్కడే. ఒక ఫాలికల్‌కూ మరో ఫాలికల్‌కూ నడుమా, వాటి లోపలి పక్కనా ఉన్నది టీ కణాల ప్రాంతం. టీ కణాల్లో రెండు ముఖ్య రకాలైన సీడీ4 కణాలు, సోకిన కణాలను చంపే సీడీ8 కణాలు ఎక్కువగా ఉండేది ఇక్కడ. చర్మం నుంచీ, పేగు నుంచీ క్రిమి ముక్కలను మోసుకొచ్చే డెండ్రిటిక్ కణాలు ఈ ప్రాంతానికి చేరి, వాటిని టీ కణాలకు చూపిస్తాయి.

ఈ ఏర్పాటే హెచ్ఐవీకి అనుకూలంగా మారుతుంది. వైరస్ కణంలోకి ప్రవేశించాలంటే కణం ఉపరితలంపై ఉండే సీడీ4 అనే గ్రాహకంతో పాటు మరో గ్రాహకం, సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ కావాలి. డెండ్రిటిక్ కణాలు తమ ఉపరితలంపై అంటుకున్న వైరస్‌ను తామే గ్రంథిలోకి తీసుకెళ్లి, సీడీ4 కణాలకు అతి దగ్గరగా చేరుస్తాయి. క్రిమిని చూపించడానికి ఏర్పడిన ఆ కలయికే వైరస్ ఒక కణం నుంచి మరో కణానికి నేరుగా దాటడానికి దారి అవుతుంది. రక్తంలో తేలుతున్న వైరస్ కొత్త కణాన్ని వెతుక్కోవాలి. గ్రంథిలో అయితే కణాలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కాబట్టి ఆ అవసరమే లేదు. సోకిన కొద్ది రోజుల్లోనే వైరస్ శరీరమంతటా ఉన్న గ్రంథులకు చేరుతుంది. మొదటి కొన్ని వారాల్లో అత్యధికంగా సీడీ4 కణాలు నశించేది మాత్రం పేగు గోడల్లో, ఎందుకంటే సీసీఆర్5 ఉన్న చురుకైన మెమరీ కణాలు (ఇదివరకే క్రిములను ఎదుర్కొని గుర్తుంచుకున్నవి) అక్కడే ఎక్కువ.

కణాలు ఎలా చనిపోతాయన్నది చాలామంది ఊహించుకునేదానికి భిన్నంగా ఉంటుంది. వైరస్ ఒక కణంలో చేరి, అందులో పెరిగి, దాన్ని చంపి బయటికి వస్తుందని అనుకుంటాం. అలా జరిగే మాట నిజమే, అలా వైరస్‌ను ఉత్పత్తి చేస్తున్న కణం రెండు రోజులకు మించి బతకడం అరుదు. 1990ల మధ్యలో వేసిన లెక్కల ప్రకారం, చికిత్స లేని వ్యక్తి శరీరంలో రోజుకు సుమారు 1,000 కోట్ల వైరస్ రేణువులు తయారవుతాయి. కానీ గ్రంథిలో వైరస్‌ను నిజంగా ఉత్పత్తి చేస్తున్న సీడీ4 కణాలను లెక్కిస్తే అవి సాధారణంగా ఒక శాతంలోపే. మరి మిగిలినవి ఎందుకు చనిపోతున్నాయి?

ఈ చిక్కుముడికి మంచి సమాధానం 2010 నుంచి 2014 మధ్య, మనుషుల టాన్సిల్స్, ప్లీహం ముక్కలను ప్రయోగశాలలో పెంచి చేసిన పనిలో దొరికింది. విశ్రాంతిలో ఉన్న సీడీ4 కణంలోకి వైరస్ ప్రవేశించినా అందులో పెరగలేదు, సగంలోనే ఆగిపోతుంది. అయితే అప్పటికే అది రాసిన అసంపూర్తి డీఎన్ఏ ముక్కలు కణంలో మిగిలిపోతాయి. వాటిని ఐఎఫ్ఐ16 అనే ప్రొటీను పసిగట్టి, కాస్పేస్-1 అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. అప్పుడు ఆ కణం తనను తాను పగలగొట్టుకుంటుంది. ఈ మరణాన్ని పైరాప్టోసిస్ అంటారు. ఆ ప్రయోగాల్లో చనిపోయిన సీడీ4 కణాల్లో 95 శాతం దాకా ఈ పద్ధతిలోనే పోయాయి, వైరస్‌ను ఉత్పత్తి చేస్తూ చనిపోయినవి ఏ 5 శాతమో. ఇందులో మరో కీడు ఉంది. మామూలుగా కణం చనిపోయేటప్పుడు చడీచప్పుడూ లేకుండా ముడుచుకుపోతుంది. పైరాప్టోసిస్‌లో మాత్రం కణం లోపలి పదార్థమంతా బయటికి చిమ్ముతుంది, దానితో పాటు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి, మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే రసాయనాలు విడుదలవుతాయి. ఆ మంటకు స్పందించి మరిన్ని సీడీ4 కణాలు అక్కడికే వస్తాయి, వచ్చినవి అదే విధంగా పోతాయి. రక్తంలోని విశ్రాంత కణాలను విడిగా తీసి ఇదే ప్రయోగం చేస్తే అవి ఇలా తేలికగా చనిపోలేదు, లింఫ్ కణజాలంలోని కణాలతో కలిపి ఉంచినప్పుడే వాటికి ఆ బలహీనత వచ్చింది. కణం ఒకటే, దాని చావుబతుకులను నిర్ణయిస్తున్నది అది ఉన్న చోటు. నన్ను అడిగితే, హెచ్ఐవీని లింఫ్ కణజాలపు వ్యాధి అనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

సీడీ4 కణాలన్నీ ఒకే తీరుగా నష్టపోవు. ఫాలికల్ లోపలికి వెళ్లి బీ కణాలకు సాయపడే ఒక ప్రత్యేక రకం ఉంది, వాటిని ఫాలిక్యులర్ హెల్పర్ టీ కణాలంటారు. చికిత్స లేని దశలో మిగతా సీడీ4 కణాలు తగ్గుతుంటే, గ్రంథిలో వీటి నిష్పత్తి పెరగడం చాలామందిలో కనబడుతుంది. పెరిగినందుకు సంతోషించడానికి లేదు. వైరస్ ఎక్కువగా చేరి వృద్ధి చెందేది వీటిలోనే, పైగా అవి బీ కణాలకు చేయవలసిన సాయం సరిగా చేయలేవు. ఫలితంగా బీ కణాలు గురి లేకుండా యాంటీబాడీలను కుప్పలుగా తయారుచేస్తాయి. రక్తంలో గామా గ్లోబ్యులిన్, అంటే యాంటీబాడీల ప్రొటీను, ఎక్కువగా ఉంటుంది, అయినా కొత్త క్రిమి వచ్చినా, టీకా వేసినా తగిన స్పందన రాదు. తొలి దశలోని గ్రంథిని చూసినప్పుడు ఈ వైరుధ్యం కళ్లకు కడుతుంది. ఫాలికల్స్ సంఖ్యలోనూ పరిమాణంలోనూ విపరీతంగా పెరిగి, గుండ్రటి ఆకారం పోయి, వంకరటింకరగా ఒకదానిలోకి ఒకటి కలిసిపోతుంటాయి. వాటి చుట్టూ ఉండవలసిన చిన్న లింఫోసైట్ల అంచు కొన్నిచోట్ల చిరిగిపోయి, ఆ చిన్న కణాలు జెర్మినల్ సెంటర్ లోపలికి చొచ్చుకుపోయి కనబడతాయి. దీన్ని మేము ఫాలికల్ లైసిస్ అంటాం. రోగికి ఏ బాధా ఉండదు, మెడలో నొప్పిలేని బిళ్లలు తప్ప.

ఫాలికల్‌లో వైరస్‌కు కలిసొచ్చే అంశం ఇంకొకటి ఉంది. అక్కడ ఫాలిక్యులర్ డెండ్రిటిక్ కణాలనేవి ఉంటాయి. పేరు పోలి ఉన్నా ఇవి ముందు చెప్పిన డెండ్రిటిక్ కణాలు కావు, వీటి పుట్టుక వేరు, పని వేరు. యాంటీబాడీ, కాంప్లిమెంట్ ప్రొటీన్లు (క్రిములకు అంటుకునే రక్తంలోని రక్షక ప్రొటీన్లు) అంటిన క్రిములను తమ పొడవాటి పోగుల మీద నెలల తరబడి నిలబెట్టి, బీ కణాలకు మళ్లీమళ్లీ చూపించడం వీటి సహజమైన పని. హెచ్ఐవీని కూడా ఇవి అలాగే నిలబెడతాయి, తమలోకి తీసుకుని మళ్లీ పైకి తెస్తూ చెడిపోకుండా కాపాడతాయి కూడా. అలా అంటుకుని ఉన్న వైరస్ పక్కనే ఉన్న హెల్పర్ టీ కణాలకు సోకగలదు. మందులు మొదలయ్యాక ఈ నిల్వ నెలల వ్యవధిలో బాగా పడిపోతుంది, కాబట్టి మీ విషయంలో దీని గురించి బెంగపడనవసరం లేదు.

సోకిన కణాలను చంపవలసిన సీడీ8 కణాలు ఏమయ్యాయని మీరు అడగవచ్చు. అవి ఉన్నాయి, వాచిన గ్రంథిలో అవి ఎక్కువగానే కనబడతాయి. కానీ ఫాలికల్‌లోకి ప్రవేశించడానికి సీఎక్స్‌సీఆర్5 అనే గ్రాహకం కావాలి, చాలా సీడీ8 కణాలకు అది ఉండదు. అందువల్ల అవి టీ కణాల ప్రాంతంలో తిరుగుతూ ఉంటే, వైరస్ ఫాలికల్ లోపల వృద్ధి చెందుతూ ఉంటుంది. కోతులకు సోకే ఎస్ఐవీపై 2015లో వచ్చిన ఒక పరిశోధన దీన్ని స్పష్టంగా చూపింది. మందులు లేకుండానే వైరస్‌ను అదుపులో పెట్టిన కోతుల్లో, వృద్ధి చెందుతున్న వైరస్ దాదాపుగా ఫాలికల్స్‌లోని హెల్పర్ కణాలకే పరిమితమైంది. వాటి సీడీ8 కణాలను తాత్కాలికంగా తొలగిస్తే బయటి కణాలకూ పాకింది, సీడీ8 కణాలు తిరిగి రాగానే మళ్లీ ఫాలికల్స్‌కే కుదించుకుపోయింది. దీనికి తోడు, ఏళ్ల తరబడి ఎడతెగని ప్రేరణ వల్ల సీడీ8 కణాలు అలసిపోతాయి. వాటి మీద పీడీ-1 వంటి నిరోధక గుర్తులు పెరుగుతాయి, చంపే శక్తి తగ్గుతుంది.

ఇప్పుడు మీ 360 దగ్గరికి వస్తాను. గ్రంథిలోని టీ కణాల ప్రాంతమంతటా ఫైబ్రోబ్లాస్టిక్ రెటిక్యులర్ కణాలు సన్నని పోగులతో ఒక అల్లిక కట్టి ఉంటాయి. తీగకు పందిరి ఎలాంటిదో టీ కణాలకు ఈ అల్లిక అలాంటిది. దాని వెంబడే అవి పాకుతాయి, దాని మీదే ఆధారపడి బతుకుతాయి. బతకడానికి వాటికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్-7 అనే రసాయనాన్ని ఈ రెటిక్యులర్ కణాలే తయారుచేసి పోగుల మీద ఉంచుతాయి. ముఖ్యంగా ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోని కొత్త టీ కణాలు అది లేకపోతే నిలవలేవు.

వైరస్ వల్ల మంట మొదలైనప్పుడు, దాన్ని తగ్గించే ప్రయత్నంలో రెగ్యులేటరీ టీ కణాలు టీజీఎఫ్ బీటా అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. ఉద్దేశం మంచిదే కానీ, ఆ రసాయనం ఫైబ్రోబ్లాస్టులనే పీచు కణాలను కొల్లాజెన్ (మచ్చలో ఉండే గట్టి పీచు ప్రొటీను) తయారీకి పురిగొల్పుతుంది. సన్నని పోగుల స్థానంలో మందపాటి కొల్లాజెన్ పేరుకుంటుంది. టీ కణానికీ రెటిక్యులర్ కణానికీ మధ్య ఆ మచ్చ కణజాలం అడ్డుపడటంతో ఇంటర్‌ల్యూకిన్-7 అందక టీ కణాలు చనిపోతాయి. కథ అక్కడితో ఆగదు, రెటిక్యులర్ కణాలు బతకాలంటే టీ కణాల నుంచి వచ్చే లింఫోటాక్సిన్ బీటా అనే సంకేతం కావాలి. టీ కణాలు తగ్గితే ఆ సంకేతం తగ్గి రెటిక్యులర్ కణాలు నశిస్తాయి, అవి నశిస్తే మరిన్ని టీ కణాలు పోతాయి. ఈ వలయం తిరగడానికి, ఒకసారి మొదలయ్యాక, ఆ కణాలకు స్వయంగా వైరస్ సోకవలసిన పని కూడా లేదు.

ఇది పుస్తకాల్లోని సిద్ధాంతం మాత్రమే కాదు, స్లైడు మీద చూడగలిగేదే. మామూలు రంగుల్లో కొల్లాజెన్ గులాబీ రంగు నేపథ్యంలో కలిసిపోతుంది. ట్రైక్రోమ్ అనే రంగు వేస్తే కొల్లాజెన్ నీలంగా విడిపడుతుంది. ఆరోగ్యవంతమైన గ్రంథిలో ఆ నీలం పై పొరలోనూ, రక్తనాళాల చుట్టూ మాత్రమే ఉంటుంది, టీ కణాల ప్రాంతంలో ఎక్కడో ఒక సన్నని గీత కనబడుతుంది. చికిత్స లేకుండా ఏళ్లు గడిచినవారి గ్రంథిలో అదే ప్రాంతం నీలి చారలతో నిండి ఉంటుంది, చారల మధ్య ఇరుకైన సందుల్లో అక్కడక్కడా లింఫోసైట్లు. మరీ ముదిరిన దశలో ఫాలికల్స్ ఆనవాళ్లు కూడా మిగలవు. గ్రంథి కుంచించుకుపోయి, లింఫోసైట్ల చోట ప్లాస్మా కణాలు, మాక్రోఫేజ్‌లు, రక్తనాళాలు కనబడతాయి. బాగా జబ్బుపడ్డ మనిషిలో ఒకప్పుడున్న బిళ్లలు పోయాయంటే దాన్ని నయమైన గుర్తుగా తీసుకోకూడదని మేము చెప్పేది ఇందుకే.

2002లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్రంథుల్లోని కొల్లాజెన్‌ను కొలిచి చూశారు. కొల్లాజెన్ ఎంత ఎక్కువగా ఉంటే గ్రంథిలో సీడీ4 కణాలు అంత తక్కువగా ఉన్నాయి. చికిత్స మొదలుపెట్టాక సీడీ4 సంఖ్య ఎంతవరకు కోలుకుంటుందన్నది కూడా మొదట్లో ఉన్న కొల్లాజెన్ మీద ఆధారపడింది. 170తో మొదలైనవారు చాలామంది 500 దాటకపోవడానికి, 450తో మొదలైనవారు తేలికగా దాటడానికి ఇదొక ముఖ్యమైన వివరణ. వయసు పెరిగేకొద్దీ థైమస్ (టీ కణాలు తయారయ్యే ఛాతీలోని గ్రంథి) నుంచి కొత్త కణాల రాక తగ్గడం కూడా దీనికి కలుస్తుంది. ఆఫ్రికాలోని ఆకుపచ్చ కోతులూ, సూటీ మాంగబేలూ ఈ విషయంలో మంచి ఆధారం. వాటి రక్తంలో ఎస్ఐవీ పెద్ద మొత్తంలో ఉన్నా వాటికి సాధారణంగా ఎయిడ్స్ రాదు. వాటి లింఫ్ గ్రంథుల్లో మంట తొలి వారాల్లోనే చల్లారిపోతుంది, నిర్మాణం చెడదు, మచ్చ కట్టదు. వైరస్ ఉన్నంత మాత్రాన గ్రంథి పాడవదని, ఆరని మంటే దాన్ని పాడుచేస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చికిత్స మీద ఉన్నప్పుడు గ్రంథిలో మిగిలేదేమిటి? మందులు కొత్త కణాలకు వైరస్ సోకకుండా ఆపుతాయి. అప్పటికే సోకి, వైరస్ జన్యుపదార్థాన్ని తమ డీఎన్ఏలో కలుపుకుని విశ్రాంతిలోకి వెళ్లిన కణాలను అవి ఏమీ చేయలేవు. అటువంటి కణాల నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని లెక్క. ఆ వేగంతో పూర్తిగా పోవాలంటే 70 ఏళ్ల పైమాటే, అందుకే మందులు జీవితకాలం వాడాలి. ఎన్నో ఏళ్లుగా వైరల్ లోడ్ కనబడనివారి గ్రంథుల్లో కూడా, పీడీ-1 ఎక్కువగా ఉన్న ఫాలికల్ హెల్పర్ కణాల్లో వైరస్ జన్యువులు చదవబడుతున్న గుర్తులు కనబడ్డాయి. కొన్ని మందులు రక్తంలో కంటే లింఫ్ గ్రంథుల్లో తక్కువ మోతాదులో చేరుతున్నట్టు 2014లో ఒక అధ్యయనం చూపింది. ఆ కారణంగా అక్కడ వైరస్ కొద్దికొద్దిగా వృద్ధి చెందుతూనే ఉందా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. మందులు సరిగా వాడేవారిలో ఏళ్లు గడిచినా వైరస్ కొత్త మార్పులకు లోనుకాకపోవడం, మందులకు లొంగని రకాలు పుట్టకపోవడం చూస్తే, అలాంటి వృద్ధి ఉన్నా చెప్పుకోదగినది కాదనే వాదన నాకు బలంగా కనిపిస్తుంది. ఏమైనా, వైరల్ లోడ్ కనబడని స్థితి నిలకడగా ఉన్నంతకాలం మీ నుంచి లైంగికంగా ఇతరులకు వైరస్ సోకదన్న నిర్ధారణకు గ్రంథుల్లోని ఈ నిల్వ వల్ల ఏ లోటూ లేదు.

సీడీ4 పెంచడానికి వేరే మందు ఏదైనా ఉందా అని మీరు అడగలేదు కానీ, తప్పకుండా మనసులోకి వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-2 ఇంజెక్షన్లతో వేలమందిపై జరిపిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2009లో వచ్చాయి. ఆ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో సీడీ4 సంఖ్య నిజంగానే పెరిగింది, కానీ జబ్బులు గానీ మరణాలు గానీ తగ్గలేదు. వైరల్ లోడ్ అదుపులో ఉన్నవారిలో సీడీ4 కోసం మందుల కలయికను మార్చడం, అదనపు మందు చేర్చడం కూడా ఉపయోగపడలేదు. మచ్చను తగ్గించడానికి కొన్ని మందులను ప్రయోగాత్మకంగా వాడి చూస్తున్నారు, అవేవీ ఇంకా వైద్యంలోకి రాలేదు. సీడీ4 పెంచుతామంటూ అమ్మే పొడులూ లేహ్యాల జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను, వాటిలో కొన్ని ఏఆర్‌టీ మందుల పనికి అడ్డు తగలవచ్చు కూడా. ఒక పని మాత్రం చేయదగినదే. సీడీ4 సంఖ్యను తగ్గించే ఇతర కారణాలు, అంటే ఎముక మజ్జపై ప్రభావం చూపే మందులు, హెపటైటిస్ సి, కాలేయవ్యాధి వల్ల పెరిగిన ప్లీహం, లోపల ఉన్న క్షయ వంటివి ఉన్నాయేమో మీ డాక్టరు గారిని ఒకసారి చూడమనండి. ఏమీ లేకపోతే 360 భయపడవలసిన అంకె కాదు. ప్రమాదకరమైన అవకాశవాద వ్యాధుల్లో (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు వచ్చేవి) ఎక్కువ భాగం 200 కంటే కిందికి దిగినవారికి వస్తాయి.

ఇక బిళ్లలు. గజ్జలను మినహాయించి, పక్కపక్కన లేని రెండు లేదా అంతకు మించిన చోట్ల, ఒక సెంటీమీటరు దాటిన నొప్పిలేని గ్రంథులు మూడు నెలలకు పైగా, వేరే కారణం లేకుండా ఉంటే దాన్ని హెచ్ఐవీ వల్ల వచ్చిన సాధారణ వాపుగా పరిగణిస్తారు. చికిత్స మొదలయ్యాక ఇవి తగ్గుతాయి కానీ, మచ్చ కట్టిన గ్రంథి చేతికి చిన్నగా, గట్టిగా తగులుతూ ఉండిపోవచ్చు. ఏళ్లుగా ఒకే పరిమాణంలో, రెండు వైపులా ఒకేలా, వేలి కింద కదులుతూ ఉన్నవి అలాంటివే అయి ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఆ నిర్వచనంలోని "వేరే కారణం లేకుండా" అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. నా దగ్గరకు వచ్చిన ఒక కేసులో, చికిత్సతో బాగా కోలుకున్న వ్యక్తికి మెడలో పాత బిళ్లలు చాలాకాలంగా అలాగే ఉన్నాయి. వాటిలో ఎడమవైపున ఉన్న ఒకటి మాత్రం పెరగసాగింది. ముక్క పరీక్షలో ఆ ఒక్క గ్రంథిలో క్షయ గ్రాన్యులోమాలు (క్రిమి చుట్టూ చేరిన కణాల ముద్దలు), మధ్యలో జున్నులా మారిన మృత కణజాలం స్పష్టంగా ఉన్నాయి. దాని పక్కనే తీసిన చిన్న గ్రంథిలో క్షయ లేదు, నేను పైన వర్ణించిన కొల్లాజెన్ మచ్చ మాత్రమే ఉంది. రెండూ ఒకే మెడలో, వేలెడు దూరంలో ఉన్నవే.

కాబట్టి ఒక్క గ్రంథి మిగతావాటికంటే వేగంగా పెరగడం, రెండు సెంటీమీటర్లు దాటడం, రాయిలా గట్టిపడి కదలకపోవడం, నొప్పి లేదా చీము రావడం, కాలర్ ఎముక పైభాగాన ఉండే గుంటలో కొత్తగా కనబడటం, వీటితో పాటు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే పరీక్ష ఆలస్యం చేయకూడదు. ముందుగా సూది పరీక్ష చేస్తారు. క్షయ కోసం ఆ సూదితో తీసిన పదార్థాన్ని జన్యు పరీక్షకు, కల్చర్‌కు కూడా పంపమని అడగండి. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనుమానం ఉంటే సూది పరీక్ష సరిపోదు, గ్రంథిని మొత్తంగా తీసి చూడాలి, ఎందుకంటే ఆ జబ్బును గుర్తించడానికి గ్రంథి నిర్మాణం కనబడటం ముఖ్యం. హెచ్ఐవీ ఉన్నవారిలో, సీడీ4 బాగానే ఉన్నా, లింఫోమా ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. మందులు మొదలైన తొలి నెలల్లో గ్రంథులు హఠాత్తుగా వాచడం వేరే సంగతి. కోలుకుంటున్న రోగనిరోధక శక్తి లోపల దాగిన క్షయ వంటి క్రిములపై ఒక్కసారిగా స్పందించడం వల్ల అది జరుగుతుంది. నాలుగేళ్లు గడిచాయి కనుక మీకు అది వర్తించదు.

టీకాల విషయం మీ డాక్టరు గారితో మాట్లాడండి. జెర్మినల్ సెంటర్లు బలహీనపడ్డవారిలో టీకా స్పందన తక్కువగా ఉంటుందని పైన చెప్పాను. అందువల్ల హెపటైటిస్ బి టీకా వేసుకున్నవారు ఆఖరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, చాలకపోతే మళ్లీ వేయించుకోవాలి. వైరల్ లోడ్ పరీక్షను ఇప్పుడు చేస్తున్నట్టే నియమితంగా కొనసాగించండి. సీడీ4 అంకె ఒక పరీక్షకూ మరో పరీక్షకూ 50 నుంచి 100 దాకా అటూఇటూ అవడం మామూలే, జలుబు చేసినా తగ్గుతుంది. ఒక్క ఫలితం చూసి ఆందోళన పడకుండా, సీడీ4 శాతం ఎంతో కూడా అదే కాగితంలో చూడండి. సంఖ్య తగ్గినా శాతం నిలకడగా ఉంటే సాధారణంగా అది తాత్కాలికమే. మీ బిళ్లల పరిమాణాన్ని ఈసారి వెళ్లినప్పుడు కొలిచి రాయించుకోండి, లేదా అల్ట్రాసౌండ్ తీయించుకోండి. తరువాత ఎప్పుడైనా అవి పెరిగాయా లేదా అన్న సందేహం వస్తే పోల్చి చూడటానికి ఆ కొలత అవసరమవుతుంది.